సింఫనీ వేదికపై స్వింగు బాండు

కొన్ని యేండ్ల క్రిందట ముంబయిలో మేమొక సింఫనీ కచేరీకి పోయితిమి. మొదటి భాగము యథావిధిగా జరిగినది. విరామము పిదప వయొలిన్ల ప్రక్కన డ్రమ్ములు, సాక్సఫోనులు, ట్రంపెట్లు చేరినవి. ఆనాటి అతిథి యొక స్వింగు బాండు. స్వింగనగా 1930ల అమెరికాలో జనులు నాట్యమాడుటకు వాయించిన జాజు సంగీతము. పాశ్చాత్య సంగీతముతో మాకున్న పరిచయము స్వల్పము. అయినను మొదటి పాట సగమగు వరకు ఒకే వేదికపై రెండు కచేరీలు జరుగుచున్నట్లు మా చెవికి తోచెను. వయొలిన్లవారు కండక్టరు చేతిలోని పుల్లను చూచుచుండిరి. బాండువారు డ్రమ్మును వినుచుండిరి.

దీనికి కారణము లయలో నున్నది. స్వింగులో ఒక దెబ్బను రెండుగా విరిచినపుడు ఆ భాగములు సమానములు కావు. మొదటిది కొంత దీర్ఘము, రెండవది హ్రస్వము. కాగితముపై మాత్రము రెండింటిని సమముగానే వ్రాయుదురు. మన పరిభాషలో చెప్పవలెనన్న, చతురశ్రముగా వ్రాసి తిశ్రపు ఛాయతో వాయించుట వంటిది. కాగితమును నమ్మి వాయించువాడు తప్పు చేయడు గాని, ఆ ఊపు రాదు.

సింఫనీలకు నిలయమైన న్యూయార్కు కార్నెగీ హాలులో 1938 జనవరి 16వ తేదీన బెన్నీ గుడ్‌మన్ తన స్వింగు బాండుతో కచేరీ చేసెను. టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్, కౌంట్ బేసీ మొదలగు నల్లజాతి విద్వాంసులు నాడు తెల్లవారితో కలిసి ఆ వేదికపై వాయించిరి. ఆ దినములలో అది సామాన్యమైన విషయము కాదు.

ముంబయి కథ అంతకు మూడేండ్లు ముందరిది. 1935లో మెహ్లీ మెహతా బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించెను. ఆ యేడే లియాన్ అబ్బే యను అమెరికా నల్లజాతి విద్వాంసుడు తన బాండుతో తాజ్‌మహల్ హోటలునకు వచ్చెను. సింఫనీకిని, జాజుకును ఈ నగరమున ఆధారమై నిలిచినవారు గోవా వాద్యకారులు. అక్కడి చర్చి బడులలో పిల్లలకు స్వరలిపిని, వయొలిన్‌ను నేర్పెడివారు. లిపి తెలిసినవానికి ఏ సభలోనైనను చోటు కలదు గదా! అట్టివారు సింఫనీలో కూర్చుండిరి, హోటళ్లలో నాట్యమునకు వాయించిరి, సినిమా రికార్డింగులకు పోయిరి. పశ్చిమపు లిపి రాని సంగీతదర్శకుడు రాగము పాడి చూపగా, దానిని ముప్పది వాద్యములకు పంచి వ్రాసినవారు వీరే. గోడపత్రికపై దర్శకుని పేరు పెద్దక్షరములతో నుండెడిది. వ్రాసినవాని పేరు ఉండిన చిన్నక్షరములతో, లేకున్న లేదు.

శంకర్-జైకిషన్ పాటల వెనుక నున్న సెబాస్టియన్ డిసౌజాను ఎందరెరుగుదురు? చిక్ చాకొలేట్ అను ట్రంపెటు విద్వాంసుడు 1951 నాటి 'అల్బేలా' చిత్రమున సి. రామచంద్రకు సహాయకుడు. (ఈ రామచంద్రయే 1978లో మన 'అక్బర్ సలీం అనార్కలి'కి సంగీతము కూర్చెను.) ఇక ఆంథొనీ గోన్సాల్వెస్. 1977లో 'అమర్ అక్బర్ ఆంథొనీ' వచ్చిన నాటి నుండి ఆ పేరు పాడని పిల్లవాడు లేడు. ఆ పేరు గల మనిషి యొకడున్నాడనియు, సంగీతదర్శకులలో నొకరైన ప్యారేలాల్‌కు వయొలిన్ నేర్పిన గురువతడేయనియు పాడినవారిలో పలువు రెరుగరు. రాగములను సింఫనీ వాద్యబృందముతో వినిపింపవలెనని ఆయన 1958లో సెయింట్ జేవియర్స్ కళాశాల ఆవరణమున కచేరీ చేసెను. 2012లో గోవాలో కాలధర్మము నొందెను.

ముంబయి తెలుగువారికి ఇది వింతగా తోచదు. నిజాము రాజ్యమునుండి వలస వచ్చి ఈ నగరపు కట్టడములకు రాళ్లు మోసిన కామాఠీల పేరనే కామాఠీపుర వెలసినది. నేడా పేరు విన్నవారికి తట్టునది వేరు. కట్టినవారి పేరని చెప్పిన, ఆశ్చర్యముతో మా ముఖము చూతురు.

ఆ రాత్రి కచేరీకి వత్తము. మూడవ పాటకు కండక్టరు చేతిపుల్లను క్రిందికి దించి, డ్రమ్మువానివైపు తిరిగి తల యూపెను. అప్పటి నుండి వయొలిన్లు వినసాగినవి, ఊపు వచ్చినది. మా ముందు వరుసలోని వృద్ధుడొకడు కాలితో తాళము వేయుచు భార్యచేత చీవాట్లు తినెను.

మా చేతికిచ్చిన కార్యక్రమపత్రములో సింఫనీవారి పేర్లన్నియు వరుసగా నుండెను. అతిథులది బాండు పేరొక్కటే. వాయించినవారి పేర్లు లేవు. జీవితమంతయు గుమాస్తాగిరి చేసినవారికి పట్టికలో నున్న పేరుకంటె లేని పేరే ముందు కనబడును. జాజువారి కొక మంచి యాచారము కలదు: కచేరీ చివర నాయకుడు ఒక్కొక్కరిని పేరు చెప్పి నిలబెట్టును. మేము కలము తీసి పత్రపు అంచున వ్రాసికొంటిమి. చప్పట్లలో కొన్ని వినబడలేదు. పదునలుగురిలో పదునొకండు పేర్లు దొరికినవి.