దూరపు తెర ఎక్కడ తెగుతుంది?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేర్లు చెప్పగానే హైదరాబాదు వాసులకు నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ, గ్రూప్స్ పరీక్షల కోచింగ్ సెంటర్లు, వాటిని ఆనుకొని పెరిగిన హాస్టళ్లు గుర్తుకు వస్తాయి. కంప్యూటర్ చదువులంటే అమీర్‌పేట, కంప్యూటర్ ఉద్యోగాలంటే మాదాపూర్, గచ్చిబౌలి అన్నది నగరంలో స్థిరపడిన లెక్క. అయితే కేశవరావు కొరాట్కర్ స్మారకంగా 1940లో ఏర్పడిన విద్యాసంస్థ నారాయణగూడలో 2007లో ఇంజనీరింగ్ కళాశాలను తెరవడం, 2020 మార్చి చివరి వారం నుంచి లాక్‌డౌన్ వల్ల ఆఫీసు పని ఇళ్లకూ అద్దె గదులకూ చేరడం వంటి పరిణామాలతో, నగరానికి ఆ చివర ఉన్న లినక్స్ యంత్రంలో నడిచే ప్రోగ్రామ్ విండోను ఈ వీధుల్లోని లాప్‌టాప్ తెరపై తెరుచుకొని పని చేయడం ఇక్కడా మామూలైంది. ఆ విండో పని మధ్యలో బిగుసుకుపోతే ‘నెట్ బాగాలేదు’ అని సరిపెట్టుకోవడం పరిపాటి. కాని ఆ తెగుదల వెనుక నలభై ఏళ్లుగా ఒకదానిపై ఒకటి పేరుకున్న ఏర్పాట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి నెట్‌వర్క్ గురించి ఒక్కొక్క నమ్మకంతో పుట్టింది. ఏ నమ్మకం వమ్మయిందో తేలితేనే మరమ్మతు కుదురుతుంది.

వీటిలో మొదటిది ఎక్స్ విండో సిస్టమ్. అమెరికాలోని ఎం.ఐ.టి.లో, విద్యార్థులందరికీ కంప్యూటర్లను అందుబాటులోకి తెచ్చేందుకు చేపట్టిన ఎథీనా ప్రాజెక్టు నేపథ్యంలో, రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ 1984లో దీనికి శ్రీకారం చుట్టగా, నేటికీ వాడుకలో ఉన్న పదకొండవ రూపం 1987 సెప్టెంబరులో వెలువడింది. ఇందులో విండోలు గీసే బాధ్యత వినియోగదారుని ముందున్న యంత్రానిది కాబట్టి సర్వర్ అన్న పేరు దానికే చెల్లుతుంది. దూరాన నడిచే ప్రోగ్రామ్ ‘ఇక్కడ గీత గీయి, ఇక్కడ అక్షరం వేయి’ అని అడిగే క్లయింట్ మాత్రమే. విండోల వివరాలన్నీ తెర ఉన్న యంత్రంలోనే ఉంటాయి గనుక, కనెక్షన్ తెగిన మరుక్షణం ప్రోగ్రామ్‌కు తన విండో ఏమైందో తెలిసే దారి లేదు; సాధారణంగా అది అక్కడికక్కడే ఆగిపోతుంది. ఒకే ప్రాంగణంలో, సొంత తీగల మీద, సొంత పర్యవేక్షణలో నడిచిన వ్యవస్థకు ఇది లోపమేమీ కాదు. అక్కడ కనెక్షన్ తెగడమంటే యంత్రాన్ని ఆపివేయడమే.

రెండవ పొర ఫిన్లాండ్‌లో పుట్టింది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులు దొంగిలించబడిన ఘటన తరువాత తతు ఉలోనెన్ 1995లో సెక్యూర్ షెల్‌ను, అంటే మాటలన్నిటినీ గుప్తీకరించి పంపే మార్గాన్ని రూపొందించగా, 1999లో ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ దానిని అందరికీ ఉచితంగా అందించింది. అది దూరపు యంత్రంలో ఒక ఉత్తుత్తి డిస్‌ప్లేను, మామూలుగా 10 అనే సంఖ్యతో మొదలుపెట్టి, సృష్టిస్తుంది. ప్రోగ్రామ్ దానితోనే మాట్లాడుతున్నానని భావిస్తుండగా, ఆ మాటలు ఈ గుప్తీకరించిన సొరంగం గుండా అసలు తెరకు చేరతాయి. భద్రత విషయంలో ఇది ఎంతో మేలైన మార్పు. కాని విండోలు ఎన్ని తెరిచినా అన్నీ ఒకే టీసీపీ కనెక్షన్‌లో ప్రయాణిస్తాయి కాబట్టి, అదొక్కటి తెగితే అన్నీ ఒకేసారి పోతాయి.

భారతదేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను ప్రజలకు అందించినప్పుడు చౌకగా దొరికిన షెల్ ఖాతాలలో అక్షరాలు తప్ప బొమ్మలకు తావు లేదు. ఇళ్లలో దూరపు తెరకు అవకాశం కలిగించింది 2005 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ వంటి సంస్థలు విస్తరించిన బ్రాడ్‌బ్యాండ్. దానితోపాటే ఒక వింత జబ్బు వచ్చింది. టెలిఫోను తీగ మీద చందాదారుని గుర్తించేందుకు వాడే పీపీపీవోఈ పద్ధతి ప్రతి ప్యాకెట్‌కూ 8 బైట్ల తొడుగు వేస్తుంది. అందుచేత 1500 బైట్లు పట్టే దారిలో 1492 మాత్రమే పడతాయి. ‘ఇంత పెద్ద ప్యాకెట్ పట్టదు’ అని తెలిపే సందేశాన్ని మధ్యలోని ఏదైనా ఫైర్‌వాల్ అడ్డుకుంటే, పంపినవారికి సంగతి తెలియదు. అప్పుడు లాగిన్ సజావుగా అవుతుంది, చిన్న ఆదేశాలు పనిచేస్తాయి, విండో తెరిచి పెద్ద డేటా కదలగానే అంతా బిగుసుకుపోతుంది. ఈ తీరు కనిపిస్తే అనుమానించవలసింది నెట్ వేగాన్ని కాదు, ప్యాకెట్ కొలతను: విడగొట్టవద్దన్న షరతుతో పింగ్ చేసినప్పుడు 1472 బైట్లు పోక, 1464 పోతే జబ్బు తేలినట్లే. లాప్‌టాప్‌లో ఎంటీయూ విలువను, అంటే ప్యాకెట్ గరిష్ఠ కొలతను, 1400కు తగ్గిస్తే, వీపీఎన్ వేసే అదనపు తొడుగుకు కూడా చాలావరకు చోటు మిగులుతుంది.

అయితే అశోక్‌నగర్ వంటి కిక్కిరిసిన చోట్ల ఎక్కువగా బాధించేది దీనికంటే మౌనమైన కారణం. ఆసియా పసిఫిక్ ప్రాంతంలో పాత తరహా ఇంటర్నెట్ చిరునామాల మామూలు కేటాయింపు 2011 ఏప్రిల్‌లో ముగిసింది. ఒకే చిరునామాను అనేకమంది చందాదారులకు పంచేందుకు వీలుగా మరుసటి ఏడాది 100.64తో మొదలయ్యే ప్రత్యేక శ్రేణిని కేటాయించారు. హాస్టల్ అంతస్తుకు ఒక రౌటర్, దానిపై భవనపు రౌటర్, ఆపైన కేబుల్ ఆపరేటర్ యంత్రం ఉన్నచోట ప్రతి కనెక్షన్ మూడు చోట్ల చిరునామా మార్చుకుంటుంది, ప్రతి చోటా దాని వివరం ఒక పట్టికలో నమోదవుతుంది. కొంతసేపు ప్యాకెట్లు రాకపోతే ఆ పద్దును చెరిపివేస్తారు. కనీసం 2 గంటల 4 నిమిషాలు ఆగాలని 2008 నాటి ప్రమాణం సూచించినా, జ్ఞాపకశక్తి తక్కువగా ఉన్న యంత్రాలు అంతకు చాలా ముందే మరచిపోతాయి. విండోను తెరిచి ఉంచి టీ తాగడానికి కిందికి దిగిన వ్యక్తి తిరిగి వచ్చి మౌస్ కదిపితే ఏ స్పందనా ఉండదు. కొంతసేపటికి టెర్మినల్‌లో ‘బ్రోకెన్ పైప్’ అన్న వాక్యం పడుతుంది. తీగ తెగలేదు, వైఫై పోలేదు, మధ్యనున్న యంత్రం మరచిపోయింది, అంతే.

దీనికి మందు తెలిసినదే అయినా చాలామంది వాడరు. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వల్ అనే అమరిక మొదట సున్నా, అంటే నిద్రలో ఉంటుంది. పుట్టీ అనే మరో ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌లోని కీప్ అలైవ్ సెకన్ల గడి కూడా అంతే. దానిని 60కి మారిస్తే నిమిషానికొక పలకరింపు వెళ్లి పద్దు చెరగకుండా కాపాడుతుంది. టీసీపీకి సొంత పలకరింపు ఉన్నా, లినక్స్‌లో అది మామూలుగా 2 గంటలకు గాని మొదలు కాదు. కొందరు 5 సెకన్లు పెట్టడం మాత్రం పొరపాటు: మూడు పలకరింపులకు జవాబు రాకపోతే కనెక్షన్‌ను తెంచడం ఈ అమరిక స్వభావం గనుక, వైఫై పావు నిమిషం తడబడినా, తనంత తాను కోలుకోగలిగిన కనెక్షన్‌ను అది చేజేతులా చంపుతుంది.

దీనితో కలిపి పొరబడే మరొకటి ఉంది. పూర్తి నమ్మకం ఇవ్వకుండా విండోలను పంపే పద్ధతి 2004 నుంచి ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉంది. ఆ పద్ధతిలో తరువాతి కాలంలో చేరిన గడువు ప్రకారం 20 నిమిషాల తరువాత ఎస్‌ఎస్‌హెచ్ కొత్త విండోలను నిరాకరిస్తుంది. పాత విండోలు పనిచేస్తూ, కొత్తవి మాత్రమే తెరుచుకోకపోతే అది తెగుదల కాదు, గడువు తీరడం.

తీగలే తెగిన సందర్భాలూ ఉన్నాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు సోకి ప్రాణాలు పోయిన తరువాత, నగరంలో విద్యుత్ స్తంభాలకు వేలాడే కేబుళ్లను పెద్దఎత్తున కత్తిరించినప్పుడు పలుచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. అటువంటి వేళ ఏ పలకరింపూ పనికిరాదు. కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి, ఒరాకిల్ పరిశోధనశాల 1998లో విడుదల చేసిన వీఎన్‌సీ ఇక్కడ ఆదుకుంటుంది: ఎక్స్ సర్వర్‌ను కూడా దూరపు యంత్రంలోనే నడిపి, తెర చిత్రాన్ని మాత్రమే ఇంటికి పంపడం దాని కిటుకు. రాత్రంతా నడిచే సిమ్యులేషన్లతో పనిచేసే చిప్ డిజైన్ ఇంజనీర్లలో ఇది బాగా వాడుకలో ఉంది. ఎక్స్ కనెక్షన్ ఆ యంత్రం గడప దాటదు కాబట్టి, నెట్ ఎప్పుడు తిరిగివచ్చినా వదిలిన విండోలు వదిలిన చోటే దొరుకుతాయి. చిత్రాన్ని మోసే దారి మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఎస్‌ఎస్‌హెచ్ సొరంగమే గనుక, ఆ 60 సెకన్ల అమరిక దానికీ కావలసిందే.