హిందీ కథకు దాస్తాన్ ఋణం

నేను హిందీ కథలను తెలుగు చేస్తున్నానని తెలిసి, మద్రసాలో నాతో చదివిన మిత్రుడొకరు ఇలా అడిగారు: "మౌల్వీ సాహెబ్, ఉర్దూ ఉండగా మీకు హిందీతో పనేమిటి?" ఆయన మాటలో ద్వేషం లేదు. అయితే ఉర్దూ ముస్లింలది, హిందీ హిందువులది అనే పంపకాన్ని ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఆ పంపకం చరిత్ర ముందు ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

హిందీ సాహిత్య చరిత్రలు అవధీ ప్రేమకథా కావ్యాలకు ప్రత్యేక స్థానం ఇస్తాయి. వాటిలో మొదటిదైన 'చందాయన్'ను 1379లో రచించినవారు మౌలానా దావూద్. పశుపాలకులు పాడుకునే లోరిక్, చందాల గాథే దానికి ఆధారం. 1503లో కుత్‌బన్ 'మిరిగావతి', 1540లో మలిక్ ముహమ్మద్ జాయసీ 'పద్మావత్', 1545లో మంఝన్ 'మధుమాలతి' వెలువడ్డాయి. ఈ సూఫీ కవులు అల్లాహ్ స్తుతితో, దైవప్రవక్త (స) ప్రశంసతో కావ్యం ఆరంభించి, ప్రజలెరిగిన కథలోకి ప్రవేశించేవారు. వచనంలోనూ ఇదే పరిస్థితి. 1803 ప్రాంతంలో లక్నోలో ఇన్షా అల్లాహ్ ఖాన్ అరబీ, ఫార్సీ పదాలు లేకుండా 'రాణీ కేత్‌కీ కీ కహానీ' రాశారు.

ఇక దాస్తాన్ విషయం. అమీర్ హంజా దాస్తాన్‌ను దాస్తాన్‌గోలు రాత్రుల తరబడి నోటితో చెప్పేవారు. దాన్ని లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 46 సంపుటాలుగా అచ్చువేసింది. వాటిలో ప్రసిద్ధమైన 'తిలిస్మె హోష్‌రుబా'ను ముహమ్మద్ హుసైన్ జాహ్, అహ్మద్ హుసైన్ కమర్ రచించారు. ప్రచురించినవారు హిందువు, కథ చెప్పినవారు ముస్లింలు, విన్నవారు ఉభయులూ. ఇక్కడొక హెచ్చరిక అవసరం. ఉహుద్ యుద్ధంలో అమరగతి పొందిన హజ్రత్ హంజా (రజి) జీవితం వేరు, ఈ కల్పన వేరు. దాస్తాన్‌ను చరిత్రగా చదవకూడదు. కథాకళగా చదివితేనే దాని విలువ తెలుస్తుంది.

ఆ కళ తిన్నగా హిందీలోకి ప్రవహించింది. 1888లో మొదలైన దేవకీనందన్ ఖత్రీ 'చంద్రకాంత' నవలలోని తిలిస్మ్, అయ్యారీ దాస్తాన్ సొత్తే. అయితే ఖత్రీ మంత్రగాళ్లను తొలగించి, ఆ స్థానంలో యంత్రాలను, మూలికలను ఉంచారు. వారి అయ్యార్లు మారువేషంతో, మత్తుమందుతో పని సాధిస్తారు. 'అయ్యార్' అన్న మాటకు తెలుగులో సరైన మాట నాకింతవరకు దొరకలేదు. గూఢచారి అంటే చమత్కారం పోతుంది, మాయావి అంటే మంత్రం వచ్చిపడుతుంది.

1880లో కాశీ సమీపంలోని లమహీలో జన్మించిన ప్రేమ్‌చంద్ మౌల్వీ వద్ద ఫార్సీ, ఉర్దూ నేర్చారు. పదమూడేళ్ల వయసులో ఆయనకు హిందీ రాదు. గోరఖ్‌పూర్‌లో ఒక పొగాకు దుకాణంలో తిలిస్మె హోష్‌రుబా చదవగా వింటూ కూర్చునేవారు. నవాబ్ రాయ్ పేరుతో 1908లో వెలువరించిన 'సోజె వతన్' ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాకే ప్రేమ్‌చంద్ అన్న పేరు పుట్టింది. 'సేవాసదన్'ను ఆయన ముందు ఉర్దూలోనే రాశారు. అచ్చయింది మాత్రం ముందు హిందీలో.

దేశ విభజన తరువాత కూడా ఈ ధార ఎండిపోలేదు. బస్తర్‌కు చెందిన గుల్‌షేర్ ఖాన్, 'శానీ' పేరుతో 1965లో 'కాలా జల్' ప్రచురించారు. షబె బరాత్ నాడు గతించినవారి పేర ఫాతిహా చదువుతుండగా, ఒక్కొక్కరి జీవితం ఆ నవలలో తెరుచుకుంటుంది. రాహీ మాసూమ్ రజా అలీగఢ్‌లో తిలిస్మె హోష్‌రుబాపై పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. 1966లో తమ గంగౌలీ గ్రామ ముస్లింల బ్రతుకును 'ఆధా గావ్'గా రాశారు. మన ఇళ్లలోని మాట, మొహర్రం శోకం, విభజన గాయం, అన్నీ నాగరి లిపిలో ఉన్నాయి. లిపి వేరైనంత మాత్రాన మనం వాటిని చదవకుండా వదిలేస్తే నష్టం ఎవరికి?

నా మిత్రునికి ఆ రోజు ఇంత చెప్పలేకపోయాను. 'కాలా జల్' మొదటి అధ్యాయం మాత్రం చదివి వినిపించాను. ఫాతిహా ఘట్టం వచ్చేసరికి ఆయన మరో పేజీ చదవమన్నారు.