చెరువు మీద ఎవరి చూపు?

సూర్యప్రకాశ్ గీసిన చెరువుని మొదటిసారి చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. నీళ్లు, నీళ్లమీద రాలిన ఆకులు, ఆకుల సందుల్లో చెట్ల నీడలు. అంతే. మనుషుల్లేరు. ముఖ్యంగా ఆడవాళ్లు లేరు. మాది కొత్తగూడెం. అమ్మమ్మ వాళ్లది మధిర వైపు పల్లె. సెలవులకి డోర్నకల్లో బండి మారి వెళ్లేవాళ్లం. ఆడవాళ్లు లేని చెరువుని నేనక్కడ ఎన్నడూ చూడలేదు.

సూర్యప్రకాశ్ 1940లో ఆ మధిరలోనే పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ చదివి ఢిల్లీ వెళ్లారు. అక్కడ రాంకుమార్ సాన్నిహిత్యం దొరికింది. తొలినాళ్లలో ఆయనకి గుర్తింపు తెచ్చినవి తుప్పుపట్టిన పాత కార్ల బొమ్మలు. తర్వాత ఇనుము పోయి నేల, చెట్టు, నీరు వచ్చాయి. నైరూప్యానికీ ప్రకృతి దృశ్యానికీ మధ్య హద్దు చెరిగిపోయిన చిత్రాలవి. 2019లో హైదరాబాదులో మరణించారు.

ఆ నీళ్లు మధిర చెరువువేనని నేననను. కానీ చిన్ననాటి నేల చిత్రకారుడి చేతిలోకి ఎలా వస్తుందని అడుగుతున్నప్పుడు, ఆ నేలమీద ఎవరు ఎలా బతికారని కూడా అడగాలి కదా! గట్టుమీద ఊరికే కూర్చుని నీళ్లకేసి చూసే తీరిక మగపిల్లలకి ఉండేది. ఆడపిల్లకి చెరువంటే బిందె, బట్టల మూట, పొద్దుగూకకముందే ఇల్లు చేరాలన్న తొందర. మా కొత్తగూడెంలో నేల కిందా అంతే. 1952 గనుల చట్టం ఆడవాళ్లని భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. ఆ నిషేధం 2019లో గానీ సడలలేదు. మా బొగ్గు ఊళ్లో గనిలోని చీకటి కూడా చాలాకాలం మగవాళ్ల జ్ఞాపకమే. మా అమ్మలకి తెలిసిందల్లా షిఫ్టు దిగి వచ్చిన బట్టల్లోని నలుపు.

మరి ప్రకృతి అందరికీ ఒకటేనని ఎలా అంటాం?

ఈ వాదనతోనే వ్యాసం ముగిద్దామనుకున్నాను. ఆ చిత్రం మళ్లీ చూశాక కుదరలేదు. అందులో ఆకాశం పైన లేదు, నీళ్లలో ఉంది. గట్టుమీద నిటారుగా నిలబడినవాళ్ల చూపు కాదది. నీటిమీదికి వంగినవాళ్లది. అమ్మమ్మ రోజూ అలాగే వంగేది. బిందె అడుగుతో ఆకుల్ని అటూ ఇటూ తోసేది. ఆకాశం ముక్కలై మళ్లీ అతుక్కునేది. అప్పుడు ముంచేది. ఆ దృశ్యం ఆమెకి బాగా తెలుసు. ఆమె చేతికి కుంచె అందలేదు, అంతే.

మనిషి లేదని కోప్పడ్డానే, ఆ మనిషి నిలబడే చోట నన్ను నిలబెట్టాడు కదా ఈ చిత్రకారుడు! అయినా నా ఫిర్యాదు పూర్తిగా తీరలేదు. చూపు కాన్వాసుకెక్కింది, చాకిరీ ఎక్కలేదు. మన కళాచరిత్రలో ఆ రెండో సగం రాయవలసింది మనమే.

అమ్మమ్మకి ఆ బొమ్మ చూపించే అవకాశం రాలేదు. చూపించి ఉంటే, ముందు ఆ ఆకులు పక్కకి తొయ్యమనేదేమో.