తొలి బస్సు ఎన్నింటికి? సుస్థిర రవాణాలో మన వాటా

పొగ తక్కువ, ఖర్చు తక్కువ, అందరికీ అందుబాటు. సుస్థిర పట్టణ రవాణాకు పుస్తకాల్లో కనిపించే నిర్వచనం దాదాపు ఇదే. మెట్రో, ఎలక్ట్రిక్ కార్ల మీద చర్చ మొదలయ్యేసరికి ఆ మూడో మాట వెనక్కి పోతుంది. మేము అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

పనికి ఎలా వెళ్తున్నారని 2011 జనాభా లెక్కల్లో అడిగారు. వ్యవసాయం, కుటుంబ పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవాళ్లలో మూడోవంతుకు పైగా నడిచో, సైకిల్ మీదో వెళ్తున్నారని తేలింది. కార్లలో వెళ్లేవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. అంటే పొగ వదలని ప్రయాణికులు ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నారు, వాళ్లకు లేనిది ఫుట్‌పాత్. రోడ్డు మీద చోటు వాహనాలను బట్టి కాదు, మనుషులను బట్టి పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో వరసగా లేచినవి ఫ్లైఓవర్లు.

రవాణాకూ కులానికీ ఏం సంబంధమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1929లో చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగిన అంబేడ్కర్‌ను ఎక్కించుకుని తోలడానికి టాంగావాలాలు ఒప్పుకోలేదు. మహర్‌వాడ వాళ్లు టాంగా ఒక్కటే అద్దెకు తెచ్చారు. తోలడం రాని మనిషి పగ్గాలు పట్టాడు. కల్వర్టు దగ్గర బండి తగిలి అంబేడ్కర్ కిందపడ్డారు, కాలు విరిగింది. ఆ సంగతి ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. అంతకుముందే, 1893లో, తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి కట్టుకుని అందరి దారిలో వెళ్లడమే ఒక తిరుగుబాటు అయింది. టికెట్ కొన్న ఎవరైనా ఎక్కి కూర్చునే ప్రభుత్వ బస్సు విలువ ఈ చరిత్ర పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. దీన్ని 'ఉచితాల' ఖాతాలో వేసేవాళ్లతో మేము ఏకీభవించం. ఇళ్లలో పనిచేసే మహిళకు ఆ చార్జీ మిగలడమంటే కూలి పెరిగినట్టే. అయితే చార్జీ రద్దు చేసినంత మాత్రాన బస్సు రాదు కదా. 2023లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. నగరం నడుమ బస్తీలో ఉంటూ దగ్గరి వీధుల్లో పనిచేసుకునే కుటుంబానికి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఇల్లు వస్తే, పని మాత్రం పాత చోటే ఉండిపోతుంది. తెల్లవారకముందే చీపురు పట్టాల్సిన పారిశుధ్య కార్మికురాలికి తొలి బస్సు ఎన్నింటికన్నదే అసలు రవాణా విధానం.

2017లో మొదలై ఇప్పుడు మూడు కారిడార్లలో సుమారు 69 కిలోమీటర్లు తిరుగుతున్న మెట్రో మంచిదే. కానీ స్టేషన్ దాకా ఆటో, దిగాక మళ్లీ ఆటో అయితే రోజుకూలీకి గిట్టదు. 2003 నుంచి ఉన్న ఎంఎంటీఎస్ అంతకంటే ఎంతో చౌక, రైళ్లే తక్కువ. బస్సులకు విడిగా దారి కేటాయించడం మెట్రో కంటే చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. బొగోటా నగరం 2000లో అలాగే చేసింది. ఢిల్లీ 2008లో మొదలుపెట్టి, కార్లకు చోటు తగ్గిందన్న గొడవ మధ్య 2016లో ఆ దారిని పీకేసింది.

మీ బస్తీ నుంచి మొదటి, చివరి బస్సుల సమయాలు, గత మూడేళ్లలో ఆ రూట్‌లో నడిపిన బస్సుల సంఖ్య, రద్దయిన ట్రిప్పుల వివరాలను సమాచార హక్కు చట్టం కింద ఆర్టీసీని అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి దరఖాస్తు ఫీజు లేదు. అర్జీ తెలుగులో రాస్తే చాలు.