మంచాలు లోపలికి పోయిన ఎండాకాలం

రాత్రి ఎనిమిది దాటింది. కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో మార్చి నెల వచ్చిందంటే రేకుల ఇళ్లలో తల పెట్టలేం. పొద్దుగూకగానే వాకిట్లో నీళ్లు చల్లడం, మంచాలు వాల్చడం, పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకుని తెల్లారేదాకా చల్లగాలికి నిద్రపోవడం అక్కడ ఏటా మామూలే. ఆ రాత్రి మాత్రం వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క మంచం కూడా లేదు. అన్ని ఇళ్లకూ తలుపులు బిగించి ఉన్నాయి.

గస్తీకి వచ్చిన కానిస్టేబుల్ మోటార్ సైకిల్ ఆపి ఓ తలుపు తట్టాడు.

"ఎవరూ?"

"పోలీసోళ్లం అవ్వా. తలుపు తియ్."

"ఏ ఊరి పోలీసువి? పేరేంది?"

పేరు, స్టేషను చెప్పాక, కిటికీ సందులోంచి యూనిఫాం కనిపించాక గాని గడియ తీయలేదామె. లోపల ముగ్గురు పిల్లలు చెమటతో తడిసిపోయి ఉన్నారు.

"ఈ ఉక్కల లోపలెట్ల పండుకున్నరవ్వా?"

"పిల్లగాండ్లను ఎత్తుకపోతున్నరంట గద నాయినా. మనుమని ఫోన్ల వచ్చింది."

ఇది 2018 నాటి జోగులాంబ గద్వాల జిల్లా. ఊరి పేరు చెప్పడం లేదు. ఆ వేసవిలో చాలా ఊళ్లది ఇదే కథ. ఇక్కడి సంభాషణలు మేం కూర్చినవే. కానీ మంచాలు లోపలికి పోవడం, తలుపులకు గడియలు పడటం నిజం. గస్తీ పోలీసులు కళ్లారా చూసి ఎస్పీ రెమా రాజేశ్వరికి చెప్పిన విషయమది.

బావ పంపిండు సార్

మనవడు ఫోన్ తీసి చూపించాడు. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. మోటార్ సైకిల్‌పై ఇద్దరు వచ్చారు. వెనకాల కూర్చున్నవాడు ఓ పిల్లాణ్ని లటుక్కున ఎత్తుకున్నాడు. బండి మాయమైంది. దాని కింద చిన్నారుల శవాలు వరసగా పేర్చిన ఫోటో. ముఠాలు దిగాయి, పిల్లల్ని చంపి అవయవాలు తీస్తున్నారు, అందరికీ పంపండి అని ఓ హెచ్చరిక.

"ఇది అబద్ధం తమ్మీ."

"మీరట్లనే అంటరు సార్. జనం బెదురుతరని దాస్తరు. టీవీలోళ్లకు పైసలిచ్చి నోరు మూయించిండ్రంట. మా బావ పంపిండు. ఆయనకు అబద్ధం చెప్పే పనేముంది?"

కుర్రాడి మాటను తెలివితక్కువతనమని కొట్టిపారేయలేం. 2012లో యుగాంతం వస్తోందంటూ గంటల తరబడి ఊదరగొట్టిన ఛానెళ్లను చూసినవాళ్లే కదా వీళ్లంతా. స్టేషనుకెళితే కాగితం తీసుకోవడానికే నాలుగు రోజులు తిప్పించుకునే అనుభవం పల్లెల్లో కొత్త కాదు. పత్రికను, పోలీసును అనుమానించడం వాళ్లకు అనుభవం నేర్పిన పాఠం. ఆ మాటకొస్తే అనుమానించడం మంచి లక్షణం కూడా.

అయితే ఆ అనుమానం ఒక గుమ్మం దగ్గరే కాపలా కాసింది. టీవీని నిలదీసింది, పోలీసును నిలదీసింది. బావ పంపిన వీడియోను మాత్రం పల్లెత్తు మాట అడగలేదు. ఆ బావ కూడా దాన్ని తీయలేదు. ఆయనకెవరో పంపారు, ఆ ఎవరికో ఇంకెవరో పంపారు. బావ మీది నమ్మకం ముక్కూ మొహం తెలియని వీడియోకు అతుక్కుంది.

ఇలాంటి కథలకు ఇంకో బలం ఉంది. కాదని ఎవరు చెప్పినా అదే సాక్ష్యమై కూర్చుంటుంది. పోలీసు ఖండిస్తే దాస్తున్నట్టు. పేపర్లో రాకపోతే నొక్కేసినట్టు. వస్తే ఇంకేం, నిజమైనట్టే! దానికి తోడు, పిల్లల విషయంలో ఏ తల్లీ లెక్కలు వేసుకోదు. అబద్ధమైతే పోయేదేముంది, నిజమైతేనో అనుకుంటుంది. వేలు కదిపితే పది గుంపులకు చేరిపోతుంది.

కత్తిరించిన ముక్క

ఇంతకీ ఆ వీడియో ఎక్కడిది? పాకిస్తాన్‌లోని కరాచీది. పిల్లల రక్షణ కోసం పనిచేసే అక్కడి ఓ సంస్థ 2016లో తీయించిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో బండి వెనక్కి తిరిగొస్తుంది, పిల్లాణ్ని క్షేమంగా దించేస్తుంది. బండి మీది మనిషి ఓ అట్ట తెరిచి చూపిస్తాడు. కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు, జాగ్రత్త అని దాని సారాంశం. ఎవరో ఆ చివరి ముక్కను కత్తిరించేశారు. జాగ్రత్త చెప్పే చిత్రం కాస్తా నేరానికి సాక్ష్యమైపోయింది. శవాల ఫోటో సిరియాది, 2013 నాటి విషవాయువు దాడిలో చనిపోయిన పిల్లలది. రెండింటిలో ఏదీ మన దేశానిది కాదు.

ఈ సంగతి తెలిసేలోపు మనుషులు పోయారు. మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఓ ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకొచ్చిన సంచార జాతివాళ్లు ఐదుగురు బలయ్యారు. జులై 13న హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు కారులో వెళ్లిన మిత్రులు బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. అదే వాళ్ల నేరమైంది. కారు కంటే ముందు వాట్సాప్ పరుగెత్తింది. ముర్కి ఊరి దగ్గర దారికడ్డంగా చెట్టు పడింది. వాళ్లలో ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఇంటికి తిరిగి రాలేదు.

అన్నిటికంటే ఘోరం త్రిపురలోని సబ్రూమ్ ప్రాంతంలో జరిగింది. పుకార్లు నమ్మవద్దని మైకులో చెప్పి రమ్మని ప్రభుత్వం ఓ మనిషిని పంపింది. జూన్ 28న గుంపు అతన్నే పిల్లల దొంగ అనుకుని చంపేసింది.

డప్పు మోగింది

మరి గద్వాలలో ఏం జరిగింది? అక్కడి పోలీసులు కూడా మైకు పట్టుకుని చెప్పినవాళ్లే. తేడా ఒక్కటే, చెప్పినవాళ్లు ఊరికి కొత్తవాళ్లు కారు.

పుకారు రాకముందే రెమా రాజేశ్వరి ఊళ్లను కానిస్టేబుళ్లకు పంచి ఉంచారు. తమకు అప్పగించిన ఊరికి తరచూ వెళ్లడం, రచ్చబండ దగ్గర కూర్చోవడం, మంచిచెడ్డలు వినడం వాళ్ల పని. ఖాళీ వాకిళ్లు మొదట కనిపించింది అలా తిరిగిన కళ్లకే. ఊరి వాట్సాప్ గుంపుల్లో పోలీసులూ చేరారు. సర్పంచులను కలుపుకున్నారు. జానపద కళాకారులతో పాటలు కట్టించారు. ఊరూరా డప్పు మోగింది. కొత్తవాళ్లు కనిపిస్తే చెయ్యెత్తకండి, మాకు ఫోన్ చెయ్యండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. వీడియో ఫోన్లో వచ్చింది, దానికి జవాబు మనిషి రూపంలో నడిచొచ్చింది.

అదే జులైలో వాట్సాప్ కూడా కదిలింది. ఒకరి నుంచి వచ్చిందాన్ని మరొకరికి పంపితే ఆ సంగతి తెలిసేలా గుర్తు పెట్టింది. మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి విధించింది. మంచిదే. కానీ గడియ కంపెనీ పెడితే సరిపోదు, మనమూ పెట్టుకోవాలి.

ఆ అవ్వనే తీసుకోండి. చీకట్లో తలుపు తట్టినవాణ్ని ఏ ఊరని అడిగింది, పేరడిగింది, కిటికీలోంచి చూసింది, ఆ తర్వాతే గడియ తీసింది. పోలీసునని చెప్పినా మినహాయింపు ఇవ్వలేదు. అనుమానమంటే అదీ. అదే ఇంట్లో మనవడి ఫోన్‌లోకి కరాచీ వీడియో ఏ ఊరో చెప్పకుండానే వచ్చి కూర్చుంది.

ఈసారి మీ ఫోన్లో ఏదైనా గుండె ఝల్లుమనేది వస్తే అవ్వ అడిగినవే అడగండి. ఏ ఊరిది? ఎప్పటిది? ఎవరు తీశారు? పేపరునూ అడగండి, టీవీనీ అడగండి, మమ్మల్నీ అడగండి. బావను కూడా వదలకండి. జవాబు రాలేదా, మీ దగ్గరే ఆపేయండి.

రెమా రాజేశ్వరి పరిధిలోని నాలుగు వందలకు పైగా ఊళ్లలో ఆ పుకారు వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.