రూత్ వారిక్: వెండితెరపై రెండు నిమిషాలు, బుల్లితెరపై 35 ఏళ్లు

అమెరికా నటి రూత్ వారిక్ (1916–2005) పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. సినిమా చరిత్ర చదివినవారికి ఆమె ‘సిటిజన్ కేన్’ చిత్రంలో కథానాయకుడి మొదటి భార్య. అమెరికా ఇళ్లలోని ఆడవారికి మాత్రం ఆమె ‘ఆల్ మై చిల్డ్రన్’ సీరియల్‌లోని ఫీబీ టైలర్. సినిమాలో వేసినవారు సీరియల్‌కు వస్తే ఒక మెట్టు దిగినట్లేనని మనవాళ్లు కూడా అంటూ ఉంటారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో ఈమె వృత్తి జీవితం చూస్తే తెలుస్తుంది. అందుకే వివరాలు ఒకచోట చేర్చి ఇస్తున్నాము.

తొలి రోజులు

రూత్ వారిక్ 1916 జూన్ 29న మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్‌లో జన్మించారు. కాన్సస్ సిటీలో విశ్వవిద్యాలయ చదువు సాగింది. తర్వాత న్యూయార్క్ చేరి రేడియోలో పాటలతో, నాటకాలతో పని మొదలుపెట్టారు. దర్శకుడు ఆర్సన్ వెల్స్ కూడా ఆ రోజుల్లో తన మెర్క్యురీ థియేటర్ బృందంతో రేడియో నాటకాలు నడిపేవారు. తన మొదటి సినిమాకు ఆయన ఈమెను ఎంచుకున్నారు.

‘సిటిజన్ కేన్’

1941లో విడుదలైన ఈ చిత్రంలో ఆమెది ఎమిలీ పాత్ర. ఎమిలీ దేశాధ్యక్షుడి మేనకోడలు, పత్రికాధిపతి కేన్‌కు భార్య. పాత్ర నిడివి పెద్దది కాదు. కానీ అందులోని ఉదయపు ఫలహారం బల్ల సన్నివేశాన్ని నేటికీ సినిమా విద్యార్థులకు పాఠంగా చూపిస్తారు. కొత్త దంపతుల సరసంతో మొదలై, క్రమంగా మాటలు పొట్టివై, దెప్పిపొడుపులై, చివరికి ఇద్దరూ మౌనంగా ఎదురెదురుగా కూర్చుంటారు. భార్య చేతిలో భర్తకు పోటీ అయిన పత్రిక ఉంటుంది. కొన్నేళ్ల కాపురం సుమారు రెండు నిమిషాల్లో అయిపోతుంది. చిత్రం విడుదలయ్యేనాటికి ఆమె వయసు 24.

తర్వాత ‘ది కోర్సికన్ బ్రదర్స్’ (1941), ‘జర్నీ ఇంటు ఫియర్’ (1943), జోన్ క్రాఫోర్డ్‌తో ‘డైసీ కెన్యన్’ (1947) వచ్చాయి. డిస్నీవారి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ (1946)లో పిల్లవాడి తల్లిగా నటించారు. అందులో భర్తగా వేసిన ఎరిక్ రోల్ఫ్ నిజజీవితంలోనూ ఆమెను పెళ్లాడినవారే. నల్లజాతివారిని చూపిన తీరుపై విమర్శలు రావడంతో ఆ చిత్రాన్ని డిస్నీ సంస్థ అమెరికాలో వీడియోగా విడుదల చేయలేదు.

ఆమెకు దక్కిన పాత్రలు ఎక్కువగా భార్య, తల్లి, పెద్దింటి ఇల్లాలు. ముప్పై దాటాక అవి కూడా తగ్గాయి. హాలీవుడ్‌లో ఎందరో నటీమణుల కథ ఇదే.

సబ్బు కంపెనీల సీరియళ్లు

ఇక్కడ ‘సోప్ ఒపేరా’ అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. 1930లలో అమెరికా రేడియోలో పగటిపూట ఇల్లాళ్ల కోసం రోజువారీ కథలు మొదలయ్యాయి. వాటి ఖర్చు ప్రధానంగా ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వంటి సబ్బుల కంపెనీలు భరించేవి. అలా ఆ పేరు స్థిరపడింది. టీవీ వచ్చాక అవే కథలు తెర మీదికి వచ్చాయి.

రూత్ వారిక్ 1953లో ‘ది గైడింగ్ లైట్’లోను, 1956లో ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’లోను చేరారు. రెండోది మొదటి రోజుల్లో నేరుగా ప్రసారమయ్యేది. మాట తప్పితే దిద్దుకునే వీలు లేదు. ఈ రోజు చేసింది మరచి రేపటి పాఠం రాత్రికి రాత్రే బట్టీ పట్టాలి. రేడియోలో, నాటకంలో పొందిన శిక్షణ ఆమెకు అక్కడ అక్కరకు వచ్చింది. 1965 నుంచి 1967 వరకు రాత్రిపూట వచ్చే ‘పేటన్ ప్లేస్’లో హానా కార్డ్ పాత్ర వేసి, 1967లో ఎమ్మీ నామినేషన్ పొందారు.

ఫీబీ టైలర్

1970 జనవరి 5న ఏబీసీ చానెల్‌లో ‘ఆల్ మై చిల్డ్రన్’ ప్రారంభమైంది. రచయిత్రి ఆగ్నెస్ నిక్సన్. కథ పైన్ వ్యాలీ అనే కల్పిత పట్టణంలో నడుస్తుంది. ఆ ఊరి గొప్పింటి ఇల్లాలు ఫీబీ టైలర్‌గా రూత్ వారిక్ ప్రవేశించారు. అప్పటికి ఆమెకు 53 ఏళ్లు. సినిమావాళ్లు పలకరించడం మానే వయసులో ఆమెకు జీవితంలోకెల్లా పెద్ద పాత్ర దొరికింది.

ఫీబీకి వంశగౌరవమే ప్రాణం. అందరి సంసారాల్లో తలదూరుస్తుంది, ఎవరు ఎవరిని పెళ్లాడాలో తానే తేల్చాలనుకుంటుంది. అలాంటి మనిషి భర్త తనను వదిలి సెక్రటరీ మోనా కేన్ వైపు మొగ్గితే తాగుడుకు లోబడుతుంది. తర్వాత ప్రొఫెసర్ వేషంలో వచ్చిన మోసగాడు లాంగ్లీ వాలింగ్‌ఫోర్డ్‌ను పెళ్లాడుతుంది. గయ్యాళిగా మొదలైన పాత్రను నవ్వించేదిగా, జాలి పుట్టించేదిగా, చివరికి అందరూ అవ్వలా చూసుకునేదిగా మలచడానికి సినిమాలో వ్యవధి చాలదు. ఏళ్ల తరబడి సాగే సీరియల్‌లోనే అది కుదిరింది. ఈ పాత్రకు 1975, 1977లలో డేటైమ్ ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి. 1980లో వచ్చిన ఆత్మకథకు ఆమె ‘ది కన్ఫెషన్స్ ఆఫ్ ఫీబీ టైలర్’ అని పాత్ర పేరే పెట్టుకున్నారు.

తెర బయట

1973లో బ్రాడ్‌వేలో డెబ్బీ రేనాల్డ్స్‌తో ‘ఐరీన్’ సంగీత నాటకంలో నటించారు. లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ ప్రాంతపు పేద పిల్లల విద్య కోసం పనిచేశారు. 2000లో దక్షిణ కరోలినా రాష్ట్రం తనకు ఇవ్వదలచిన పురస్కారాన్ని నిరాకరించారు. బానిసత్వం కోసం పోరాడిన పక్షపు జెండాను శాసనసభ ఆవరణలోనే ఉంచాలన్న ఆ రాష్ట్ర నిర్ణయమే అందుకు కారణం.

చివరి రోజులు

తుంటి ఎముక విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైనా ఆమె నటన మానలేదు. 2004లో మరికొందరు సీనియర్ సీరియల్ నటులతో పాటు డేటైమ్ ఎమ్మీ జీవన సాఫల్య పురస్కారం అందుకున్నారు. 2005 జనవరి 5న సీరియల్ 35వ వార్షికోత్సవ ఎపిసోడ్‌లో కనిపించారు. పది రోజులకు, జనవరి 15న, న్యూయార్క్‌లో న్యుమోనియాతో కన్నుమూశారు. వయసు 88. కథలో కూడా ఫీబీ మరణించినట్లు చూపి ఆమెకు వీడ్కోలు పలికారు.

ఒక విషయం గమనించదగ్గది. ‘సిటిజన్ కేన్’లోని ఆ రెండు నిమిషాలు భద్రంగా ఉన్నాయి. ‘ఆల్ మై చిల్డ్రన్’ తొలి ఏళ్ల టేపుల్లో చాలా భాగం చెరిపివేయడం వల్ల ఆమె రోజూ పడిన శ్రమలో ఎంతో నేడు చూడటానికి లేదు. చరిత్ర పుస్తకాల్లో ఆమెకు రెండు నిమిషాల చోటే దక్కడానికి ఇదీ ఒక కారణం. పిల్లలు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో చదువుకునే మన ఇళ్లలో సాయంత్రం ఇంత తెలుగు చెవిన పడుతోందంటే అందులో సీరియళ్ల వంతు కూడా ఉంది. వాటిలో అత్తలుగా, అమ్మమ్మలుగా ఏళ్ల తరబడి నటిస్తున్నవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఈసారి పేర్లు పడేటప్పుడు కాసేపు ఆగి చదవమని పాఠకులను కోరుతున్నాము.