వైద్య విద్యార్థుల్లో ఇంటర్నెట్ వ్యసనం

చదువు, నిద్ర, ఆరోగ్యం దెబ్బతింటున్నా ఇంటర్నెట్ వాడకాన్ని అదుపు చేసుకోలేని స్థితిని ఇంటర్నెట్ వ్యసనం అంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త కింబర్లీ యంగ్ జూద వ్యసన నిర్ధారణ ప్రమాణాల ఆధారంగా దీన్ని నిర్వచించి, 1996లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సమావేశంలో పరిశోధన సమర్పించారు. 20 ప్రశ్నలున్న ఆమె పరీక్షే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 80 లేదా అంతకు మించితే తీవ్ర వ్యసనంగా పరిగణిస్తారు.

వ్యసనంతో పాటు విద్యార్థుల సాధారణ ఆరోగ్యాన్ని కొలవడానికి డేవిడ్ గోల్డ్‌బర్గ్ 1972లో ప్రకటించిన ప్రశ్నావళిని వాడతారు. 1979 నాటి 28 ప్రశ్నల రూపంలో శారీరక లక్షణాలు, ఆందోళన–నిద్రలేమి, సామాజిక వ్యవహారంలో లోపం, తీవ్ర కుంగుబాటు అనే నాలుగు విభాగాలకు ఏడేసి ప్రశ్నలుంటాయి. ఇది వ్యాధి నిర్ధారణ పరీక్ష కాదు, వడపోత సాధనం మాత్రమే.

పాఠ్యాంశాలకూ ఇంటర్నెట్ తప్పనిసరి కావడంతో వైద్య విద్యార్థుల్లో అవసరానికీ వ్యసనానికీ హద్దు గీయడం కష్టం. హాస్టల్ జీవితం, పరీక్షల ఒత్తిడి, రాత్రి డ్యూటీలు నిద్రను ముందే తగ్గిస్తాయి. పలు అధ్యయనాల ఫలితాలను కలిపి 2018లో వెలువడిన ఒక మెటా విశ్లేషణ వీరిలో వ్యసనం ఉన్నవారి వాటాను 30.1 శాతంగా లెక్కగట్టింది. ఈ అంశంపై జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒకే సమయంలో సేకరించిన సమాచారంపై ఆధారపడ్డవి. అందువల్ల వ్యసనం కుంగుబాటుకు దారితీస్తోందా, కుంగుబాటే వ్యసనంలోకి నెడుతోందా అన్నది వాటితో తేలదు.

2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటు దక్కింది, ఇంటర్నెట్ వ్యసనానికి దక్కలేదు. అయినా బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2014లోనే సాంకేతిక వ్యసనాలకు ప్రత్యేక క్లినిక్ ప్రారంభించింది.